కదపొద్దన్న పెట్టె

లిన్‌కాయ్ దీవి
4 అక్టోబరు 2009

దనిత్సా తల్లీ,

నువ్వు పంపిన పెట్టె చేరింది. కొన్సెప్సియోన్‌లో బస్సెక్కి, పడవలో కాస్త తడిసి, రేవు దగ్గర ఔదోలియా కొట్లో ఉల్లిపాయల బస్తా మీద రెండ్రోజులు విశ్రాంతి తీసుకుని, నిన్న మధ్యాహ్నానికి మన రేడియో ఇంటికొచ్చింది. పడవ దిగిన ప్రతివాడూ దాన్ని ఓసారి తట్టి చూశాడట. "ఇన్నేళ్ళ రేడియో ఇంత పెట్టెలో ఎలా పడుతుందే?" అని అందరిదీ ఒకటే ప్రశ్న. నాకు తెలిస్తే కదా చెప్పడానికి!

నువ్వు గీసి పంపిన బొమ్మ చూసి ఎరాస్మో తీగలన్నీ తగిలించాడు. మన ఎరాస్మో సంగతి నీకు తెలిసిందే. కాగితం మీద ఏముంటే అది చేస్తాడు, ఏముంటే అది చదువుతాడు. ఇన్నేళ్ళుగా దీవులవాళ్ళు ఒకరికొకరు పంపుకునే సందేశాలు మధ్యాహ్నం రేడియోలో చదువుతున్నాడా, చదివినదాని గురించి ఒక్కనాడూ ఆలోచించిన పాపాన పోలేదు.

నాలుగు అరలు, నాలుగు డిస్కులు, నాలుగు పచ్చ దీపాలు. చూడముచ్చటగా ఉంది. గుర్తుంటుందని మన రేడియో సంఘం వాళ్ళ పేర్లు చీటీల మీద రాసి ఒక్కోదానికి అతికించాను. మొదటిది సిగిఫ్రెదో, రెండోది రొసమెల్, మూడోది ఔదోలియా, నాలుగోది ఎరాస్మో. సిగిఫ్రెదోనీ రొసమెల్‌నీ పక్కపక్కన పెట్టానని నవ్వకు. ఎవరి ఎడ్లు గొప్పవన్న గొడవ మొదలయ్యాక ఆ మహానుభావులిద్దరూ పక్కపక్కన కూర్చున్నది ఈ పెట్టెలోనే.

క్యాసెట్లన్నీ ఎక్కించేశాం. మీ అమ్మ ఎదువీనా చదివిన సందేశాలూ, పెళ్ళిపాటలూ, పాత ఫాదరు తుమ్ములతో సహా చెప్పిన ప్రసంగాలూ, అన్నీ. ఇక క్యాసెట్లతో పనేముందని టేపులు లాగి చెర్రీ చెట్లకు కట్టాను. గాలికి రెపరెపలాడుతుంటే పిట్ట వాలితే ఒట్టు.

ఒక్కటే అర్థం కాలేదు. మూడు డిస్కుల్లో పట్టే సరుక్కి నాలుగు ఎందుకు? ఆ నాలుగోవాడు ఏం మోస్తాడు? ఊరికే కూర్చుని తినేవాణ్ణి ఇంట్లో పెట్టుకునే ఓపిక నాకు లేదు.

ఫోన్ చెయ్యమని మాత్రం అనకు. ఇక్కడ సిగ్నలు వచ్చేది రేవు దగ్గరే. రేవులో నిలబడి మాట్లాడ్డమంటే రేడియోలో మాట్లాడ్డమే.

ముద్దులతో,
పెద్దమ్మ ఓర్ఫెలినా

తా.క. సముద్రం మళ్ళీ మన పెరడు కొరికింది. కోళ్ళగూడు ఇప్పుడు సరిగ్గా గట్టు అంచున ఉంది.


కొన్సెప్సియోన్
11 అక్టోబరు

పెద్దమ్మా!

టేపులు చెట్లకు కట్టావా? నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. ఆ వాక్యం దగ్గర నా నోట్లోంచి వచ్చిన కేకకి పక్క గదిలోవాళ్ళు నీళ్ళగ్లాసుతో పరుగెత్తుకొచ్చారు. సరే, అయిందేదో అయింది. అంటే ఇప్పుడు ఆ పెట్టె తప్ప మనకి ఇంకేమీ లేదన్నమాట. ఇది బాగా గుర్తుపెట్టుకో.

నాలుగోవాడు తిని కూర్చునేవాడు కాదు. బంగాళాదుంపలతో చెబుతాను, నీకు వెంటనే ఎక్కుతుంది. బల్ల దగ్గర ముగ్గురు అన్నదమ్ములు కూర్చున్నారనుకో. ఒక్కొక్కరి కంచంలో ఒక దుంప ఉండొచ్చు, లేకపోవచ్చు. నాలుగోవాడు ఆ ముగ్గురి కంచాలూ చూసి, మొత్తం దుంపలు ఎప్పుడూ సరిసంఖ్య అయ్యేలా తన కంచంలో దుంప వేసుకుంటాడు, లేదా మానేస్తాడు. ఇంతలో ఒకడు కంచంతో సహా లేచిపోయాడు. వాడి కంచంలో దుంప ఉందా లేదా? మిగిలిన మూడు కంచాల్లో లెక్కపెట్టు. బేసి వస్తే వాడి దగ్గర దుంప ఉంది. సరి వస్తే లేదు. అంతే! పోయినవాడి దగ్గర ఏముందో ఉన్నవాళ్ళే చెప్పేస్తారు. మావాళ్ళు దీన్ని పారిటీ అంటారు, నువ్వు సరి-బేసి అనుకో. అందులోనూ ఆ నాలుగోవాడి పని ఒక్కడిదే కాదు, నలుగురూ వంతులవారీగా చేస్తారు. కాబట్టి ఎవణ్ణీ తిట్టకు.

కానీ ఇద్దరు లేచిపోతే ఏమీ చెప్పలేం. మొత్తం పోతుంది. అందుకని: ఏ దీపం నారింజ రంగులోకి మారితే ఆ డిస్కు చచ్చిందని. దాన్ని లాగేసి, పెట్టెతోపాటు పంపిన అదనపు డిస్కును ఆ అరలో తోసెయ్. మిగతా ముగ్గురూ లెక్కలు కట్టి కొత్తవాడికి పాతవాడి పాఠమంతా అప్పజెబుతారు. దానికి చాలాసేపు పడుతుంది. అదనపు డిస్కును పొడిగా ఉన్నచోట దాచు.

ఇంకోమాట. ఇది ఒక డిస్కు చస్తే కాపాడుతుందే గానీ, నకలు కాదు. పెట్టె సముద్రంలో పడితే నలుగురూ కలిసే మునుగుతారు. వేసవి సెలవుల్లో నేనే వచ్చి అంతటికీ వేరే నకలు తీస్తాను. అప్పటిదాకా దాన్ని పసిపిల్లలా చూసుకో.

నీ
దనిత్సా


లిన్‌కాయ్
19 అక్టోబరు

తల్లీ,

నీ దుంపల పాఠం సంఘం మీటింగులో గట్టిగా చదివాను. నమ్మకం కుదరక నిజం దుంపలతోనే చేసి చూశాం. మూడుసార్లు సరిగ్గా వచ్చింది. నాలుగోసారి ఎంత లెక్కపెట్టినా కుదరదే! తీరా చూస్తే మధ్యలో రొసమెల్ ఒకటి తినేశాడు. "సరి-బేసి లెక్కలో తిండిబోతులకి చోటు లేదు" అని సిగిఫ్రెదో అన్నాడు. "దున్నపోతులకి ఉందా?" అని రొసమెల్. నేను మధ్యలోకి వెళ్ళి కంచాలు తీసేశాను.

అదనపు డిస్కును పిండి డబ్బాలో దాచాను. దీవి మొత్తంలో అంతకన్నా పొడి చోటు లేదు.

అసలు సంగతి ఇది. కోళ్ళగూడు పోయింది. కోళ్ళు బతికాయి, వాటికి నాకన్నా ముందుచూపు ఎక్కువ. కానీ ఇక రేడియో ఇల్లు అక్కడ ఉండకూడదని అందరం అనుకున్నాం. నవంబరు పదిహేను, ఆదివారం మింగా. ఊరంతా వచ్చి, ఇంటి కింద దుంగలు పెట్టి, ఎడ్లు కట్టి, ఇంటికిల్లు ప్రార్థనామందిరం వెనక మిట్ట మీదికి లాక్కెళతాం. ఎడ్ల పెత్తనం సిగిఫ్రెదోది. వాడి జత ముందు నడవకపోతే మిగతావి కాలు కదపవు. నీ చిన్నప్పుడు మీ తాత ఇల్లు అలాగే సముద్రం పాయ దాటింది. కిటికీలోంచి చేతులూపుతూ నువ్వు లోపలే కూర్చున్నావు, గుర్తుందా?

భోజనాల సంగతి ఔదోలియా చూస్తుంది. మిల్కావ్ రొట్టెలకి దుంపలు తురమడం అప్పుడే మొదలెట్టింది, అవి నల్లబడతాయని చెప్పినా వినదు.

పెద్దమ్మ


లిన్‌కాయ్
2 నవంబరు

దనిత్సా,

పడవ కదిలిపోతోంది, రెండు ముక్కలే. సిగిఫ్రెదో పోయాడు. నిన్నటినుంచి ఒకటే మూలుగు, పొద్దున్నకి నారింజ రంగు. ఇంకా లాగలేదు, చెయ్యి రావడం లేదు. ఏం చెయ్యమంటావో వెంటనే చెప్పు.

ఓ.


లిన్‌కాయ్
7 నవంబరు

దనిత్సా,

'తల్లీ' అని రాయడం లేదు, గమనించు.

నీకు తొందరెక్కువైందో, నేను వెంటనే చెప్పమనడం తప్పో గానీ, ఉత్తరం రాయకుండా ఔదోలియా కొట్టుకి ఫోన్ చేశావు. ఆవిడ నువ్వు చెప్పింది చెప్పినట్టు పొట్లం కాగితం మీద రాసుకుని, మన ఆనవాయితీ ప్రకారం రేడియోకి పంపింది. నేను ఇంట్లో లేను. ఎరాస్మో దాన్ని మధ్యాహ్నం సందేశాల్లో, మన రేడియో గుర్తుగా వేసే పిట్టకూతకీ పడవ వేళలకీ మధ్యన, వాడి గంభీరమైన గొంతుతో చదివాడు. నీ మాటలే రాస్తున్నాను, చదువుకో:

"ఓర్ఫెలినా పెద్దమ్మకి, కొన్సెప్సియోన్ నుంచి దనిత్సా. సిగిఫ్రెదో పోయాడని తెలిసింది. బాధపడకు, ఇది మామూలే, వయసైపోయింది. వెంటనే బయటికి లాగెయ్. ఇంట్లో ఉంచకు. వాడి చోట్లో కొత్తవాణ్ణి పెట్టు, పిండి డబ్బాలో ఉన్నాడుగా. వాడికి తెలిసినదంతా మిగతావాళ్ళకి తెలుసు. వాడు లేకపోయినా పని ఆగదు."

సిగిఫ్రెదో ఆ టైముకి ఊళ్ళో లేడు. ఎడ్లకి కొత్త కాడి చేయిద్దామని పక్క దీవికి వెళ్ళి, గాలివానకి అక్కడే చిక్కుకున్నాడు. ఇక చెప్పేదేముంది! రేడియో చెప్పిందంటే ఈ దీవిలో అది జరిగినట్టే. వాళ్ళావిడ క్లొదొమీరా పెట్టిన కేకకి మందిరం గంట దానంతటదే మోగిందని కొందరంటారు. శవమేదని ఒక్కడూ అడగలేదు. సముద్రం ఎప్పుడు తిరిగిచ్చింది గనక! సాయంత్రానికల్లా పందిని కోశారు. ఆపిల్ చిచా కల్లు పీపాలు దించారు. నేను వెళ్ళి, "పోయింది వాడు కాదే, డిస్కు!" అంటే, దుఃఖంలో మతి చలించిందని నన్నే కూర్చోబెట్టి పులుసు తాగించారు.

మూడో రోజున పడవ దిగి, భుజాన కాడితో సిగిఫ్రెదో నడిచొచ్చాడు. ఇంటినిండా జనం. "ఎవరు పోయారే?" అన్నాడు. ఫాదరు, "కూర్చో నాయనా, భోంచెయ్" అన్నాడు. కూర్చుని తన దినం భోజనం తానే రెండుసార్లు వడ్డించుకు తిన్నాడు. ఆ తర్వాత అడిగాడు, సందేశం ఏమిటని. ఎరాస్మో బుద్ధిగా జేబులోంచి కాగితం తీసి, మళ్ళీ మొదటినుంచి చివరిదాకా చదివాడు.

వయసైపోయిందన్నందుకు వాడు ఏమీ అనుకోలేదు. "వాడు లేకపోయినా పని ఆగదు" అన్న మాట దగ్గర మొహం మాడ్చుకున్నాడు. "ఓహో, అలాగా! అయితే ఇల్లు మీరే లాక్కోండి. నా ఎడ్లకీ వయసైపోయింది" అని లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు.

క్లొదొమీరా అంతటితో ఊరుకుంటుందా? "వాడి చోట్లో పెట్టే ఆ కొత్తవాడు ఎవడే?" అంటూ మా ఇంటికొచ్చి, పిండి డబ్బాలో చెయ్యి పెట్టి అదనపు డిస్కు లాగేసింది. "నేను బతికుండగా మా ఆయన చోట్లో ఇంకొకడు కూర్చోడు" అని దాన్ని శాలువా కింద పెట్టుకుని వెళ్ళిపోయింది. ముంజేతులదాకా పిండి.

కాబట్టి ప్రస్తుతం నాకు డిస్కు లేదు, ఎడ్లు లేవు. గట్టుకీ ఇంటికీ మధ్య ఒక బట్టల తాడు వెడల్పు మిగిలింది. పెట్టెలో ముగ్గురే ఉన్నారు.

ఏం చెయ్యాలో ఈసారి ఉత్తరంలో రాయి.

ఓర్ఫెలినా


కొన్సెప్సియోన్
9 నవంబరు

పెద్దమ్మా, నా బంగారు పెద్దమ్మా,

నన్ను క్షమించు. నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి అన్నం సయించడం లేదు, కానీ పొట్లం కాగితం గుర్తొస్తే నవ్వాగడం లేదు. రెండూ ఒకేసారి జరుగుతుంటే మా ఆఫీసులో నన్ను చూసి భయపడుతున్నారు. సిగిఫ్రెదో మావయ్యకి విడిగా ఉత్తరం రాశాను. ఆయన లేకపోతే ఏ పనీ జరగదని అందులో పదేపదే రాశాను. ఎరాస్మో చేత చదివించకండి.

ఇప్పుడు శ్రద్ధగా విను. ముగ్గురితో పెట్టె పనిచేస్తుంది. ఏ పాట పెట్టినా పాడుతుంది. లేనివాడి ముక్కని ఎప్పటికప్పుడు లెక్కగట్టి అతికిస్తుంది కాబట్టి కాస్త నెమ్మదిగా పాడుతుంది, అంతే. కానీ ఈ ముగ్గురిలో ఇంకొకడు చచ్చాడంటే అంతా అయిపోయినట్టే. అమ్మ గొంతు ఇంకెక్కడా లేదు పెద్దమ్మా. నా దగ్గర ఒక ఫొటో ఉంది, అది మాట్లాడదు.

ఎలాగైనా క్లొదొమీరా అత్త దగ్గర్నుంచి డిస్కు తెచ్చి పెట్టు. పెట్టిన దగ్గర్నుంచి ఆ దీపం పచ్చగా మెరుస్తూ ఉంటుంది, అంటే పాఠం అప్పజెబుతున్నారన్నమాట. అది మెరవడం మానేసి నిలకడగా వెలిగేదాకా కరెంటు ఆపొద్దు. పెట్టెను దాని చోటునుంచి కదపొద్దు. ఎవరు చెప్పినా సరే, ఆ అల్మారా మీదనుంచి అది కదలకూడదు.

నీ తప్పుల కుప్ప,
దనిత్సా


లిన్‌కాయ్
13 నవంబరు

తల్లీ,

మళ్ళీ 'తల్లీ' అంటున్నాను. సంగతి కుదిరింది.

నీ ఉత్తరంలో, ముగ్గురితోనే పెట్టె పాడుతుందన్నావు కదా. నాకో ఆలోచన వచ్చింది. దినం రోజున ఎరాస్మో అలవాటు కొద్దీ రికార్డరు పట్టుకెళ్ళి, జనం చెప్పిన నాలుగు మంచిమాటలూ రికార్డు చేసి పెట్టెలో ఎక్కించాడు. సిగిఫ్రెదో ఇంటికెళ్ళి, "నువ్వు పోయావని ఎవరేమన్నారో వింటావా?" అన్నాను. "అక్కర్లేదు" అన్నాడు. బూట్లు తొడుక్కుంటూ అన్నాడు.

రేడియో గదిలో కూర్చోబెట్టి వినిపించాను. ఫాదరుది విన్నాడు, తల ఊపాడు. ఔదోలియాది విన్నాడు, "నా బాకీ సంగతి ఎత్తలేదు, మంచిదే" అన్నాడు. తర్వాత రొసమెల్ గొంతు. పెట్టె కాసేపు తటపటాయించి గరగరమని మొదలెట్టింది.

"వాడి ఎడ్లంత మంచి ఎడ్లు ఈ సముద్రంలో ఏ దీవిలోనూ లేవు" అన్నాడు రొసమెల్. "నాకు ఎప్పుడూ తెలుసు. వాడికి మాత్రం చెప్పకండి, నెత్తికెక్కుతాడు." ఆ తర్వాత ముక్కు చీదిన చప్పుడు, పెద్దగా, పడవ హారన్‌లా.

సిగిఫ్రెదో కుర్చీని పెట్టె దగ్గరికి జరుపుకున్నాడు. "ఆ చీదిన చోటు మళ్ళీ పెట్టు" అన్నాడు. పెట్టాను. మళ్ళీ పెట్టమన్నాడు. పెట్టాను. "ఇదంతా నా పేరున్న డిస్కు చచ్చాక కూడా పాడుతోందా?" అని అడిగాడు. నీ దుంపల లెక్క మళ్ళీ చెప్పాను. అంతా విని, "అయితే నేను పోయినా నా ముక్క వీళ్ళ దగ్గర ఉంటుందన్నమాట. రొసమెల్ దగ్గర కూడా" అన్నాడు. "వాడి దగ్గర కూడా" అన్నాను. "హుఁ" అన్నాడు.

ఇవాళ పొద్దున క్లొదొమీరాయే డిస్కు తెచ్చిచ్చింది. పిండి దులిపి, మెత్తటి బట్టతో తుడిచి, ఉన్ని టోపీలో చుట్టి తెచ్చింది. ఒకటే షరతు, కొత్తదానికీ సిగిఫ్రెదో పేరే ఉండాలట. సరేనన్నాను. అరలో తోశాం. దీపం పచ్చగా మెరవడం మొదలెట్టింది. ఊరి కరెంటు సాయంత్రాలే వస్తుంది కాబట్టి పగలు రేడియో జనరేటరుతో నడుపుతున్నాం, అప్పజెప్పడం మాత్రం నత్తనడకే. ఆదివారానికి అవుతుందో లేదో.

అయినా భయపడకు. నీ మాట జవదాటను. ఆదివారం ఇంట్లో సామానంతా దించేస్తాం, కిటికీ తలుపులూ ఊడదీస్తాం, పొయ్యి కూడా. పెట్టెను మాత్రం అల్మారా మీదనుంచి అంగుళం కూడా కదపం. ఇల్లే కదులుతుంది. జనరేటరును చక్రాల్లేని కొయ్యబండి మీద పెట్టి, వెనకాల ఇంకో జత ఎడ్లతో లాగిస్తాం. కరెంటు తెగదు. ఔదోలియా పెట్టె పక్కనే కూర్చుని దాన్ని వాటేసుకుంటుంది. ఆవిడ ఒళ్ళు నీకు తెలుసుగా, పరుపు అక్కర్లేదు.

పెద్దమ్మ


కొన్సెప్సియోన్
14 నవంబరు, అత్యవసరం

పెద్దమ్మా!!

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. కొట్టుకి ఫోన్ చేస్తే ఎత్తేవాళ్ళు లేరు, అందరూ దుంపలు తురుముతున్నట్టున్నారు. ఎత్తినా చెప్పడానికి నాకు ధైర్యం లేదు. ఈ కాగితం బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను, అతను పడవవాడికిస్తాడు.

పెట్టెను కదపొద్దంటే పెట్టె కదలకూడదని! ఇల్లు కదిలితే అందులోని అల్మారా కదలదా, అల్మారా మీది పెట్టె కదలదా? డిస్కులు లోపల గిర్రున తిరుగుతుంటాయి. మిగిలిన ముగ్గురూ ఒళ్ళు హూనమయ్యేలా చదువుతున్న సమయం ఇది. ఇప్పుడు ఒక్క కుదుపు చాలు.

ఈ ఉత్తరం అందేసరికి ఎక్కడున్నా సరే, అక్కడే ఆపండి. ఎక్కడున్నా సరే! నాలుగు దీపాలూ నిలకడగా పచ్చగా వెలిగేదాకా ఒక్క అడుగు వెయ్యొద్దు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

దనిత్సా


లిన్‌కాయ్
18 నవంబరు

దనిత్సా తల్లీ,

కూర్చుని చదువు. నీళ్ళు పక్కన పెట్టుకో.

ఆదివారం పొద్దున్నే ఊరంతా వచ్చింది. సిగిఫ్రెదో జత ముందు, దాని పక్కన రొసమెల్ జత. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు గానీ, రొసమెల్ ఎద్దు కాలికి ముల్లు గుచ్చుకుంటే సిగిఫ్రెదోయే వంగి తీశాడు. "ఎద్దు కోసం తీశాను" అన్నాడు. "ఎద్దు సంతోషించింది" అన్నాడు రొసమెల్. అందరూ తాళ్ళు పట్టుకున్నారు. ఇల్లు కిర్రుమని లేచి దుంగల మీద నడిచింది. లోపల్నుంచి ఔదోలియా, "మెల్లగా! మెల్లగా! మెరుస్తూనే ఉంది!" అని అరుస్తూనే ఉంది. వెనక జనరేటరు డబడబలాడుతూ కొయ్యబండి మీద వచ్చింది. ఎడ్లకన్నా అదే ఎక్కువ ఉత్సాహంగా ఉంది.

మందిరం ముందున్న దారి దాటుతుండగా, రేవు నుంచి పడవవాడు నీ కాగితం ఊపుతూ పరుగెత్తుకొచ్చాడు. నేను చదివే లోపల ఎరాస్మో నా భుజం మీదుగా చూసి, ఆ గొంతుతో గట్టిగా చదివేశాడు. "ఎక్కడున్నా సరే, అక్కడే ఆపండి. ఒక్క అడుగు వెయ్యొద్దు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

ఆపేశారు. అప్పటికి ఒక కాలు ఎత్తినవాడు దాన్ని దించాలా వద్దా అని నన్నడిగాడు.

సరిగ్గా దారికి అడ్డంగా ఆగింది ఇల్లు. అటు వెళ్ళేవాళ్ళు అటే, ఇటువాళ్ళు ఇటే. "ఏదో ఒక పక్కకి లాగుదాం" అన్నాడు ఫాదరు. "పిల్ల కాళ్ళు పట్టుకుంది, వినబడలేదా?" అన్నాడు సిగిఫ్రెదో, ఎడ్లకి కాడి విప్పుతూ. దాంతో ఎక్కడివాళ్ళక్కడ కూర్చున్నాం. భోజనాలు అక్కడే. మిల్కావ్ నల్లబడింది, ఎవరూ ఏమీ అనలేదు. వాన మొదలైతే పట్టినంతమంది ఇంట్లో దూరారు, మిగతావాళ్ళు చూరు కింద. అటునుంచి ఇటు రావాల్సినవాళ్ళు ముందు తలుపు గుమ్మంలోంచి ఎక్కి వెనక గుమ్మంలోంచి దిగారు. ప్రతివాడూ పోతూపోతూ దీపం వైపు చూసి, "ఇంకా మెరుస్తోంది" అని మాకు చెప్పి వెళ్ళాడు. మాకు తెలియనట్టు!

ఊరికే కూర్చోవడం ఎందుకని రేడియో పెట్టాం. ఎరాస్మో సందేశాలు చదవబోతే అందరూ కలిసి ఆపారు. ఎవరో మీ అమ్మది పెట్టమన్నారు. పెట్టాను. పెట్టె నెమ్మదిగా, మధ్యమధ్యలో ఆగి, ఊపిరి తీసుకున్నట్టు పాడింది. ఎదువీనా గొంతు. ఏదో పాత సందేశం: "చిన్న దీవిలో ఉన్న నాన్నకి, కూతురు అడుగుతోంది, గొర్రె ఈనిందా లేదా?" అంతే. "ఈనిందా?" అని ఎవరో అడిగారు. ఎవరికీ తెలియదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనం వేళకి ఔదోలియా కేక పెట్టింది. నాలుగూ పచ్చగా, నిలకడగా! సిగిఫ్రెదో లోపలికెళ్ళి, తన చీటీ ఉన్న దీపం ముందు టోపీ తీసి కాసేపు నిలబడి వచ్చాడు. "బాగా చదువుకున్నాడు" అన్నాడు.

అప్పుడు కాడి కట్టి లాగబోతే ఇల్లు కదల్లేదు. రాత్రంతా కురిసిన వానకి దుంగలు మట్టిలోకి దిగబడిపోయాయి. ఇంకో నాలుగు జతలు తెస్తే ఒక్క ఊపులో వచ్చేస్తుందన్నాడు రొసమెల్. ఆ 'ఊపు' అన్న మాట వినగానే ఔదోలియా పెట్టెను మళ్ళీ వాటేసుకుంది. మీటింగు పెట్టాం. మిట్ట మీద గాలెక్కువ, ఇక్కడ మందిరం గోడ చాటుంది. ఏరియల్‌కి ఎత్తూ సరిపోతుంది. సముద్రం ఇక్కడికి రావాలంటే మన మనవల కాలం దాటాలి. ఇక అడ్డమల్లా దారి ఒక్కటే. సిగిఫ్రెదోయే అన్నాడు, "ఇంట్లో పెట్టె ఉంది, కదపకూడదు. దారిలో ఏముంది, మట్టేగా?"

పారలు తెచ్చారు. సాయంత్రానికల్లా దారిని ఇంటి చుట్టూ తిప్పేశారు.

సెలవుల్లో నకలు తీయడానికి రమ్మంటున్నాను, తప్పకుండా రా. రేవు దగ్గర దిగి ఎవర్నీ అడగనక్కర్లేదు. తిన్నగా నడువు. ఏ కారణమూ లేకుండా దారి ఎక్కడ వంకర తిరిగిందో, అదే మన ఇల్లు.

నీ రాక కోసం చూస్తూ,
పెద్దమ్మ ఓర్ఫెలినా